దీపం ఇంట్లో... స్విచ్చు ఊరవతల!

పుట్టినప్పుడు మూడు కిలోలు. పాలబుగ్గలు, ఎర్రటి అరికాళ్లు. చూసినవాళ్లంతా ముద్దు చేసినవాళ్లే. ఐదో నెల దాటేసరికి పాప రంగు పాలిపోవడం మొదలవుతుంది. పాలు సరిగా తాగదు, ఊరికే ఏడుస్తుంది, పొట్ట ఉబ్బుగా కనిపిస్తుంది. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగతుడిచి పొయ్యిలో వేస్తుంది. పళ్లొచ్చే రోజులు, అంతేలెమ్మని నాయనమ్మ సర్దిచెబుతుంది. ఐరన్ చుక్కలు వేసినా ఒంటికి రక్తం పట్టదు. చివరికి డాక్టరు రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ నాలుగు గ్రాములో ఐదు గ్రాములో ఉంటుంది. చాలా ఇళ్లలో బీటా థలసీమియా బయటపడే తీరు ఇదే.

ఇక్కడో చిక్కుముడి ఉంది. థలసీమియా మధ్యలో వచ్చి అంటుకునే జబ్బు కాదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులూ కడుపులో పడిన రోజే బిడ్డకు చేరిపోయాయి. మరి తొమ్మిది నెలలు కడుపులోనూ, బయటికొచ్చాక ఇంకో నాలుగైదు నెలలూ ఆ బిడ్డ నిక్షేపంలా ఎలా ఉంది?

ఈ ఒక్క ప్రశ్న వెంట పడినవాళ్లు డెబ్భై ఏళ్లు నడిచి, చివరికి ఓ మందు దగ్గర తేలారు. ఆ మందు చెడిన జన్యువును అసలు ముట్టుకోదు. ఎక్కడో వేరే క్రోమోజోమ్‌లో ఉన్న ఓ చిన్న స్విచ్చును కోసేస్తుంది.

ఆరు నెలల అద్దె ఇల్లు

మన ఒంట్లో ఎర్ర రక్తకణాలు సుమారు 25 లక్షల కోట్లు. ఒక్కొక్కటి బతికేది 120 రోజులు. పోయినవాటి స్థానంలో ఎముకల్లోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను తయారుచేసి పంపుతూ ఉంటుంది. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఎర్రకణం అంటే దాదాపుగా హిమోగ్లోబిన్ కుక్కిన సంచీ అనుకోవచ్చు. దానికి చోటు చాలదని కణం తన కేంద్రకాన్ని కూడా బయటికి నెట్టేస్తుంది. కాబట్టి జన్యువుల పని ఏదున్నా అంతకుముందే, మూలుగలో ఉన్నప్పుడే, హడావుడిగా పూర్తి కావాలి.

ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు. రెండు ఆల్ఫా, రెండు బీటా. ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోమ్‌లో ఉంటే బీటా కుటుంబం 11వ క్రోమోజోమ్‌లో ఉంది. ఆ కుటుంబంలో ఐదుగురు. ఎప్సిలాన్, ఇద్దరు గామాలు, డెల్టా, చివరన బీటా. విచిత్రం ఏమిటంటే, డీఎన్‌ఏ మీద వీళ్లు నిలబడిన వరసలోనే పనిలోకి దిగుతారు. పిండం తొలి వారాల్లో ఎప్సిలాన్. ఆ తర్వాత పుట్టేదాకా గామా. పుట్టుక దగ్గర పడుతుంటే బీటా మెల్లగా అందుకుంటుంది. బిడ్డకు ఆర్నెల్లు నిండేసరికి గామా దుకాణం దాదాపు కట్టేసుకుంటుంది. డెల్టా ఎప్పుడూ నామమాత్రమే.

గామా గొలుసులతో తయారయ్యేదాన్ని గర్భస్థ హిమోగ్లోబిన్ అంటారు. కడుపులో బిడ్డ గాలి పీల్చదు కదా, తల్లి రక్తం నుంచే ఆక్సిజన్ లాక్కోవాలి. అందుకని ఈ హిమోగ్లోబిన్ తల్లిదానికన్నా గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పుట్టాక ఆ అవసరం లేదు. ఆర్నెల్ల అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు గామా తప్పుకుంటుంది. సొంత ఇల్లు, అంటే బీటా, బాగుంటే ఏ ఇబ్బందీ లేదు. బాగా లేకపోతేనే అవస్థ. అద్దె ఇల్లు ఖాళీ అయిన రోజు నుంచి పాప పాలిపోవడానికి కారణం అదే.

న్యూయార్క్‌లో పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్ 1948లోనే దీన్ని పసిగట్టారు. సికిల్ సెల్ జబ్బుతో పుట్టిన శిశువుల రక్తంలో కొడవలిలా వంగే కణాలు చాలా తక్కువగా ఉండటం ఆమె గమనించారు. గర్భస్థ హిమోగ్లోబిన్ ఉన్నంతకాలం అది వాళ్లను కాపాడుతోందని ఊహించారు. సికిల్ సెల్‌లోనూ తేడా బీటా జన్యువులోనే. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరోది మారుతుంది. డీఎన్‌ఏలో చూస్తే అది ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరానికే కణాలు వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని, ఎముకలు విరుస్తున్నంత నొప్పి పుట్టిస్తాయి.

తర్వాత కొందరు అదృష్టవంతులు కూడా కనిపించారు. పెద్దయ్యాక కూడా వాళ్లలో గామా జన్యువు ఆగలేదు. జీవితాంతం గర్భస్థ హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంది. వాళ్లకు అనారోగ్యమేమీ లేదు. సికిల్ జన్యువు ఉన్నా బాధ అంతంతమాత్రమే. అంటే గామా స్విచ్చును తిరిగి వేయగలిగితే చాలు, చెడిన బీటాను బాగుచేయనక్కర్లేదు. చెప్పడం తేలికే. ఇంతకీ ఆ స్విచ్చు ఎక్కడుంది?

బల్బు మంచిదే, ఫ్యూజు మంచిదే

మనిషి డీఎన్‌ఏలో 300 కోట్ల అక్షరాలు. ప్రొటీన్లకు రాసుకున్న సూచనలు అందులో నూటికి రెండు వంతులు కూడా లేవు. పైగా కంటిలో, కాలేయంలో, మెదడులో, కేంద్రకమున్న ప్రతి కణంలోనూ ఉన్నది ఒకే పుస్తకం. బీటా జన్యువు కంటి కణంలోనూ ఉంది. కానీ అక్కడ పెదవి విప్పదు. ఎర్రకణంగా మారబోయే కణంలో మాత్రం గొంతెత్తి అరుస్తుంది.

ప్రతి జన్యువుకూ మొదట్లోనే ఓ చిన్న మీట ఉంటుందని శాస్త్రవేత్తలకు తెలుసు. అదే సర్వస్వమని చాలాకాలం అనుకున్నారు. 1981లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వాల్టర్ షాఫ్నర్ బృందం ఓ కుందేలు బీటా జన్యువును తీసుకుని, దాని పక్కన ఓ కోతి వైరస్ డీఎన్‌ఏ ముక్కను అతికించింది. జన్యువు పని దాదాపు 200 రెట్లు పెరిగింది. సరే, పక్కనే ఉంది కాబట్టి అనుకుందాం. ఆ ముక్కను వేల అక్షరాల దూరం జరిపినా పనిచేసింది. జన్యువు ముందు పెట్టినా, వెనక పెట్టినా, తిరగేసి పెట్టినా పనిచేసింది! జోరు పెంచేది కాబట్టి దానికి ఎన్‌హాన్సర్ అని పేరు పెట్టారు.

వైరస్‌లో ఉంటే ఉండనీ, మనిషి రక్తంలో అలాంటిది ఉందా? దానికి జవాబు ఓ డచ్ రోగి నుంచి వచ్చింది. ఆ రోగికి ఒక రకం థలసీమియా. 11వ క్రోమోజోముల్లో ఒకదాని నుంచి బీటా గొలుసులు రావడం లేదు. చూస్తే ఆ క్రోమోజోమ్‌లో దాదాపు లక్ష అక్షరాల ముక్క ఊడిపోయింది. బీటా జన్యువు కూడా పోయి ఉంటుందనుకుంటాం కదా. లేదు. చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. దాని సొంత మీటా ఉంది. 1983లో ఆ జన్యువును బయటికి తీసి వేరే కణాల్లో పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. రోగి ఒంట్లో మాత్రం మూగది.

ఇంట్లో బల్బు మాడలేదు. ఫ్యూజు పోలేదు. అయినా దీపం వెలగదు. కరెంటు పోయింది ఊరవతల సబ్‌స్టేషన్లో అన్నమాట.

ఆ సబ్‌స్టేషన్ 1980ల మధ్యలో దొరికింది. ఎప్సిలాన్ జన్యువుకు కూడా అవతల, బీటాకు దాదాపు 50 వేల అక్షరాల దూరంలో, డీఎన్‌ఏ ముడుచుకోకుండా తెరిచి ఉన్న ఐదు చోట్లు కనిపించాయి. అవి ఎర్రకణాల వంశంలోనే అలా తెరుచుకుంటాయి. 1987లో ఫ్రాంక్ గ్రాస్‌వెల్డ్ బృందం ఆ ప్రాంతాన్ని మనిషి బీటా జన్యువుకు జోడించి ఎలుకల్లో పెట్టింది. అంతకుముందు ఒంటరిగా పెట్టినప్పుడు ఆ జన్యువు ఏదో గుడ్డిదీపంలా కొట్టుకునేది. ఇప్పుడు ఎలుక సొంత జన్యువుతో సమానంగా వెలిగింది. క్రోమోజోముల్లో ఎక్కడ పడినా వెలిగింది. దీన్ని లోకస్ కంట్రోల్ రీజియన్ అంటారు. పేరు పెద్దది. ఊరంతటినీ అదుపు చేసే చోటు అనుకుంటే సరిపోతుంది.

కొంగు వచ్చి నడుము దగ్గర చేరినట్టు

అంత దూరం నుంచి ఎలా పనిచేస్తుంది? తీగ లేదు, గొట్టం లేదు. దీని మీద చాలా ఏళ్లు వాదులాటలు జరిగాయి. ఏదో సంకేతం డీఎన్‌ఏ వెంట పాక్కుంటూ వస్తుందని కొందరన్నారు. డీఎన్‌ఏ వంగి, దూరపు ముక్క జన్యువు దగ్గరికే వస్తుందని కొందరన్నారు.

చీర విప్పి నేల మీద పరిస్తే కుచ్చిళ్ల చోటికీ కొంగు చివరకూ మధ్య గజాల దూరం. అదే చీర కట్టుకుని, పనిలో పడి కొంగు తెచ్చి బొడ్లో దోపుకుంటే? కొంగు చివర వచ్చి కుచ్చిళ్లను తాకుతుంది. మధ్యలోని బట్ట అంతా భుజం మీదుగా ఓ మలుపు తిరుగుతుంది. కణంలో డీఎన్‌ఏ ఎప్పుడూ పరిచిన చీర కాదు. రెండు మీటర్ల దారం కంటికి కనిపించని కేంద్రకంలో మడతలు పడి ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో గ్రాస్‌వెల్డ్, వౌటర్ డి లాట్ బృందం 2002లో దీన్ని పట్టుకుంది. ఫార్మాల్డిహైడ్ పోస్తే కణంలో ఏది దేని పక్కన ఉంటే దానికి అతుక్కుపోతుంది. తర్వాత ముక్కలు చేసి, ఏ ముక్కకు ఏది అంటుకుందో చూడొచ్చు. పిండం ఎలుక కాలేయంలో, అంటే రక్తం తయారయ్యే చోట, నియంత్రణ ప్రాంతం వచ్చి బీటా జన్యువు పక్కన కూర్చుని ఉంది. అదే ఎలుక మెదడు కణాల్లో ఆ మలుపు లేదు. దారం చాపుకుని ఉంది.

కొంగును దోపి నిలిపే పని చేసేది కొన్ని ప్రొటీన్లు. గాటా-1 అనేది ముఖ్యమైనది. డీఎన్‌ఏలో జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాల మాట కనిపించిన చోట్ల వాలుతుంది. అది ఎర్రకణాల వంశంలోనూ ఇంకా కొద్ది రకాల కణాల్లోనూ తప్ప తయారుకాదు. అందుకే కంటి కణంలో బీటా నోరెత్తదు. మరో ప్రొటీన్ ఎల్‌డీబీ-1 అటువైపునూ ఇటువైపునూ పట్టుకునే కొక్కెం లాంటిది. ఫిలడెల్ఫియాలో గెర్డ్ బ్లోబెల్ బృందం 2012లో ఈ కొక్కేన్ని బీటా జన్యువు దగ్గర బలవంతంగా తగిలించింది. గాటా-1 లేని కణాల్లో కూడా మలుపు ఏర్పడి జన్యువు మేలుకుంది. 2014లో అదే కొక్కేన్ని గామాకు తగిలిస్తే, పెద్దల కణాల్లో ఎప్పుడో నిద్రపోయిన గామా లేచి కూర్చుంది. కొంగు ఒకటే. ఒకసారి ఒకరి దగ్గరే ఉంటుంది. గామా దగ్గరికి వెళితే బీటా తగ్గుతుంది, బీటా దగ్గరుంటే గామా తగ్గుతుంది.

ఈ దూరపు స్విచ్చులు రక్తానికే పరిమితం కాదు. కొందరు పిల్లలు ఆరో వేలితో పుడతారు, అదృష్టమని పెద్దలు మురిసిపోతారు. చేతివేళ్లను తీర్చే ఓ జన్యువుకు దాదాపు పది లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు కడుపులో ఉన్న స్విచ్చులో ఒక్క అక్షరం మారినా అలా జరగొచ్చు. అది వేరే కథ.

సార్డీనియా నుంచి బోస్టన్‌కు

పెద్దయ్యాక గామా ఎందుకు ఊరుకుంటుంది? ఎవరో దాని నోరు నొక్కుతున్నారు. ఆ ఎవరో ఇటలీ దగ్గరి సార్డీనియా దీవిలో దొరికారు. ఒకప్పుడు మలేరియా పీడించిన ఆ దీవిలో థలసీమియా ఎక్కువ. ఒకే రకం జన్యు లోపం ఉన్నా కొందరికి జబ్బు తేలికగానే ఉండేది. వాళ్ల రక్తంలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువ. 2007, 2008లలో సార్డీనియాలోనూ, బ్రిటన్, అమెరికాల్లోనూ వేలమంది డీఎన్‌ఏ జల్లెడపడితే 2వ క్రోమోజోమ్‌లోని బీసీఎల్11ఏ అనే జన్యువు దగ్గర తేడాలు తేలాయి. బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం దాన్ని తీసేసి చూసింది. గామా మేలుకుంది. సికిల్ జబ్బు పెట్టిన ఎలుకలు 2011లో కోలుకున్నాయి.

అలాగైతే మనుషుల్లోనూ ఆ జన్యువును కోసేస్తే సరి. కానీ అది మెదడుకూ కావాలి, రోగనిరోధక కణాలకూ కావాలి. అది పూర్తిగా లేని ఎలుకలు పుట్టగానే చనిపోయాయి.

దూరపు స్విచ్చు అక్కడే ఆదుకుంది. సార్డీనియా వాళ్లలో తేడా ఉన్నది బీసీఎల్11ఏ ప్రొటీన్ సూచనల్లో కాదు. ఆ జన్యువు ఆరంభానికి 58 వేల అక్షరాల అవతల ఎందుకూ కొరగాదనిపించే ఖాళీ జాగాలో. అది ఎర్రకణాల్లో మాత్రమే ఆ జన్యువును వెలిగించే ఎన్‌హాన్సర్ అని 2013లో తేలింది. 2015లో క్రిస్పర్ కత్తెరతో ఆ జాగాను అక్షరం అక్షరం కత్తిరించి చూశారు. గాటా-1 వాలే చిన్న మాట ఒకటుంది, అది చెడితే చాలు. ఎర్రకణాల్లో నోరు నొక్కేవాడు తగ్గిపోతాడు, గామా లేస్తుంది. మెదడులో, మిగతా చోట్ల అతని ఉద్యోగం అతనిదే. ఊరంతా కరెంటు తీయకుండా ఒక్క ఇంటి ఫ్యూజు పీకినట్టు.

అమెరికాలోని మిసిసిపీకి చెందిన విక్టోరియా గ్రే నలుగురు పిల్లల తల్లి. చిన్నప్పటి నుంచి సికిల్ నొప్పులతో ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. 2019 జులైలో, 34వ ఏట, ఆమె రక్తం నుంచే తీసిన మూలకణాల్లో ఆ చిన్న మాటను కత్తిరించి తిరిగి ఎక్కించారు. ఆ దేశంలో సికిల్ సెల్‌కు ఈ చికిత్స చేయించుకున్న మొదటి మనిషి ఆమే. ఆ తర్వాత ఆ భయంకరమైన నొప్పులు ఆమెను వదిలేశాయి. క్యాస్‌జెవీ అనే ఈ మందుకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. మరుసటి నెలలో థలసీమియాకు కూడా అమెరికా ఒప్పుకుంది. సికిల్ రోగుల్లో అక్కడి ఎఫ్‌డీఏ లెక్కలోకి తీసుకున్న 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి రాలేదు.

అయితే ఇది సూది వేయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చే వైద్యం కాదు. కొత్త కణాలకు చోటివ్వాలంటే పాత మూలుగను గట్టి కీమో మందుతో ఖాళీ చేయాలి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. ఇక ధర, అమెరికాలో 22 లక్షల డాలర్లు. అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయల పైమాటే. రక్తం సంచీ కోసం బ్లడ్‌బ్యాంకు ముందు నిలబడే తండ్రికి ఈ అంకె చెప్పడానికి కూడా నోరు రాదు.

మన పల్లెల్లో...

మనదేశంలో ఏటా పది నుంచి పన్నెండు వేలమంది పిల్లలు తీవ్రమైన థలసీమియాతో పుడుతున్నారని అంచనా. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కో సంచీతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. గుండెలో, కాలేయంలో పేరుకునే ఆ ఇనుమును తీసేయడానికి మళ్లీ రోజూ మందులు. సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాలకు కొత్త కాదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాలకు ఆ నొప్పి తెలుసు. 2047 నాటికి దీన్ని అంతం చేయాలని 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది.

మనవాళ్లకు ఓ చిన్న ఊరట ఉంది. మనదేశంలో సికిల్ జన్యువు ఉన్న చాలామందిలో గామా జన్యువు ముందు ఓ అక్షరం తేడా కూడా కలిసి వస్తుంది. దానివల్ల గర్భస్థ హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువ, ఆఫ్రికా సంతతివారితో పోలిస్తే చాలామందిలో జబ్బు కొంత తేలిక. అందరికీ అలా ఉండదు, నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదికే వస్తుంది. అదే గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర చవకే. మనదేశంలోనూ వాడుతున్నారు. చాలామందిలో నొప్పులను తగ్గిస్తుంది కానీ జబ్బును పూర్తిగా నయం చేయదు.

మూలుగ ఖాళీ చేయకుండా, మాత్రతోనే గామాను లేపాలని ఇప్పుడు పరిశోధనలు సాగుతున్నాయి. గామాను అణిచే విజ్ అనే మరో ప్రొటీన్‌ను కరిగించే మందుతో కోతుల్లో గర్భస్థ హిమోగ్లోబిన్ పెరిగిందని 2024లో ప్రకటించారు. రోగుల చేతికి మందుగా అందడానికి ఇంకా చాలా పరీక్షలున్నాయి.

ఈలోగా అందుబాటులో ఉన్నది హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష. థలసీమియా జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు, మహా అయితే కాస్త రక్తం తక్కువ. ఏ2 శాతం మూడున్నర దాటితే ఆ జన్యువు ఉందని అనుమానించాలి. ఇద్దరూ అలాంటివాళ్లే అయితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే అవకాశం మరీ ఎక్కువ. పెళ్లికి ముందు చేయించుకోవచ్చు. అది కుదరకపోతే గర్భం మొదటి నెలల్లోనైనా చేయించుకోవచ్చు. ఇద్దరికీ ఉందని తేలితే పది, పన్నెండు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి కూడా చూడగలుగుతారు.